పదకొండిళ్లకు ఒక్క స్లాబు

మొన్న మా అత్తగారి ఊరి నుంచి పారిజాతక్క ఫోన్ చేసింది. ఫోన్‌లో క్షేమ సమాచారాలు అడిగే అలవాటు ఆమెకు లేదు, నేరుగా మాట మధ్యలోంచి మొదలుపెడుతుంది. "ఇగో సైదా, మా మేస్త్రి మీద అంతస్తు లేపుతున్నడు. వచ్చే వారం స్లాబు మీద గోడలు లేస్తయ్. సూసుకునేదుంటె వచ్చి సూసుకపో. మల్ల నాకొక మాట జెప్పకపోతివని లొల్లి పెట్టకు" అని పెట్టేసింది. షాద్‌నగర్‌లో మా కిరాయి ఇంట్లో పిల్లకు బడి డబ్బా సర్దుతున్నదాన్ని అట్లాగే నిలబడిపోయాను. ఎవరో వాళ్ల ఇంటి మీద వాళ్లు ఇంకో గది కట్టుకుంటుంటే నాకెందుకు గుండె కలుక్కుమనాలి చెప్పండి! ఆ స్లాబుకు నేను ఒక్క తట్ట కంకర మోయలేదు. అయినా ఆ రోజంతా నాకు కూర రుచి తెలియలేదు. మా ఆయన చూసి చూసి "రాయరాదు మరి, జర మనసు తేలికైతది" అన్నాడు. ముప్పై నాలుగేళ్లకే జ్ఞాపకాలు రాస్తే నలుగురూ నవ్వరా అంటే, "నువ్వు ముసల్దానివయ్యేదాక ఆగితె నీకు యాది ఉండదు, యాది ఉన్నోళ్లు ఉండరు" అన్నాడు. ఆయన ఏడాదికి ఒకటో రెండో మంచి మాటలు అంటాడు. ఈ ఏడాదికి అది మొదటిది.

నేను హుజూర్‌నగర్ పక్క పల్లె పిల్లను. మా పెరట్లోంచి నాలుగు అంగలు వేస్తే కాలువ. బట్టలు, బర్రెలు, పిల్లలు, అందరి స్నానాలూ అందులోనే. నీళ్లకు కూడా ఒక లెక్క ఉంటుందని నాకు పెళ్లయ్యేదాకా తెలియదు. తెలంగాణ వచ్చిన కొత్తలో, ఊరూరా గోడల మీద గులాల్ మరకలు ఇంకా పోకముందే, నన్ను మర్రిగూడ దిక్కు ఇచ్చారు. మా నాయినకు పిల్లగాడు నచ్చాడు, వాళ్లకున్న పత్తి చెలక నచ్చింది, నీళ్ల సంగతి అడగాలని ఎవరికీ తోచలేదు. అత్తగారింట్లో మొదటి రోజు నాకు చెంబుతో నీళ్లిచ్చారు. సగం తాగి, మిగిలిన సగం అలవాటు కొద్దీ వాకిట్లోకి చిమ్మాను. మా అత్త తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తడిసిన మట్టి వైపు చూసి "పోనీ తియ్ బిడ్డా, కోడి తాగుతది" అంది. కోడి వచ్చేసరికే ఆ తడి ఇంకిపోయింది.

ఆ ఊరి బోరు నీళ్లు చూడటానికి తేటగా, చల్లగా ఉంటాయి. మోసమంతా అక్కడే. ఫ్లోరైడ్ అనే మాటను ఆ ఊళ్లో అక్షరమ్ముక్క రాని ముసలమ్మలు కూడా నాకంటే స్పష్టంగా పలికేవారు. మా ఎదురిల్లు బుచ్చమ్మవ్వది. గొర్లు కాసే ఇల్లు. కొడుకులు, కోడళ్లు మందను తోలుకుని నెలల తరబడి కృష్ణ ఒడ్డుకు వలస పోతే, ఇంట్లో ఆమె ఒక్కతే మిగిలేది. ఆ నీళ్లు తాగీ తాగీ నడుము వంగిపోయింది, మెడ బిగుసుకుపోయింది. ఎవరైనా పిలిస్తే తల తిప్పలేక మనిషి మనిషంతా తిరిగేది. బడి పిల్లలు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు, పాలపండ్లు ఊడాక వచ్చిన పండ్ల మీద ఇటుక రంగు చారలు కనపడతాయని. వంట సంగతి సరేసరి. పొద్దున పొయ్యి మీద పెట్టిన కందిపప్పు ఎండ నడినెత్తికి వచ్చినా గింజకు గింజ విడిగా తేలుతూ ఉండేది. పత్తి కట్టెలు మోపుకు మోపు కాలిపోయేవి, పప్పు మాత్రం మెత్తబడేది కాదు. పప్పు, ఎదురింటి గొర్ల దొడ్డి, పత్తి కట్టె పొగ, ఈ మూడూ కలిసిన వాసన ఆ వాడకట్టుది. మొదట్లో ముక్కు మూసుకున్నాను. ఇప్పుడు షాద్‌నగర్‌లో ఎక్కడైనా గొర్ల మంద అడ్డం వస్తే స్కూటీ ఆపి నిలబడతాను.

తాగడానికి ఫిల్టర్ నీళ్ల క్యాన్లతో ఒక ఆటో వచ్చేది. వచ్చేది అంటే, దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. కరెంటు పోతే రాదు, మిషను ఆగితే రాదు, డ్రైవరు చుట్టాలింట్లో పెళ్లయితే రాదు. రాని రోజుల్లో అందరూ ఆ బోరు నీళ్లే. ఇట్లా ఉండగా నాకు మూడో నెల. దవాఖానలో డాక్టరమ్మ రిపోర్టులు చూసి, ఏ ఊరని అడిగి, పెన్ను కింద పెట్టేసింది. "బోరు నీళ్లు తాగొద్దమ్మా. వంటకు కూడా వద్దు. కడుపులో బిడ్డకు, పుట్టాక పాలకు, పెరిగే ఎముకలకు, అన్నిటికీ నీ నీళ్లే ఆధారం" అంది. పక్కనున్న మా అత్త ధైర్యంగా "మేం మంచిగ మసలవెట్టే ఇస్తున్నం మేడం" అంది. మసలపెడితే ఆ విషం ఇంకా చిక్కబడుతుందని డాక్టరమ్మ చెప్పింది. నెల తప్పినప్పటి నుంచి మా అత్త నాకోసం ప్రత్యేకంగా పొయ్యి రాజేసి, గుడ్డలో వడగట్టి మరీ ఇస్తోంది పాపం.

ఈ సంగతి మా అమ్మ చెవిన పడింది. మరునాడే దిగింది. సంచీ కూడా కింద పెట్టకుండా, వాకిట్లో నిలబడే, మా అత్తతో అంది: "వదినా, నీతోని నాకు కొట్లాట లేదు. ఈ వానలు మొదలయ్యేలోపట మంచినీళ్ల ఏర్పాటు ఏదన్న చెయ్యండి, మంచిదే. లేకుంటె నా బిడ్డను తీసుకపోత. పుట్టిన పిల్ల గట్టిగ పెరిగి పెద్దగయ్యేదాక ఈ ఊరికి పంప. మీ పిల్లగాడే వచ్చి సూసుకపోవాలె." మా ఆయన గోడకు ఆనుకుని నిలబడి కాలి బొటనవేలుతో నేల గీస్తున్నాడు. కొత్తగా పెళ్లయిన రోజులు. ఆయన్ని వదిలి ఏళ్లకేళ్లు ఉండటమా! ఉందామంటే కడుపులో బిడ్డ. ఏడుపు రాలేదు గానీ మహా కోపం వచ్చింది నాకు. ఎవరి మీదో తెలియని కోపం. లోపలికి పోయి గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ కడిగాను, అదీ ఆ బోరు నీళ్లతోనే.

అమ్మ వెళ్లిన నాలుగు రోజులకు మృగశిరలో ఒక జల్లు పడింది. మా వాడకట్టులో పదకొండిళ్లుంటే స్లాబు ఇల్లు ఒక్కటే, పారిజాతక్కది. ఆమె అంగన్‌వాడీలో పని, ఆమె పెనిమిటి యాదగిరి మేస్త్రి. మిగతా ఇళ్లన్నీ పెంకుటిళ్లూ రేకులూ. ఆ స్లాబు మూలన గొట్టంలోంచి నీళ్లు దబదబా కింద పడుతుంటే నాకు చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. గంజు తీసుకుని ఉరికి పోయి కింద పెట్టాను. ఆ నీళ్లతో పప్పు ఎసరు పెడితే, ఒట్టు, ఒక్క మోపు కట్టె కాలకముందే పప్పు మెదిగి వెన్నలా అయింది. తాలింపు వాసనకు మొదట బుచ్చమ్మవ్వ వచ్చింది, తర్వాత ఆ పక్కింటివాళ్లు, తర్వాత గిన్నెలు పట్టుకుని పిల్లలు. పెళ్లి విందులో కూడా నేను అంత మంది పప్పును పొగడగా వినలేదు. గంజు ఖాళీ అయ్యాక బుచ్చమ్మవ్వ అడుగు నాకిన వేలు చీరకు తుడుచుకుంటూ మనిషంతా తిరిగి స్లాబు వైపు చూసింది. "పదకొండు ఇండ్లున్నయ్, స్లాబు ఒక్కటున్నది. అడుగుదాం పట్టుండ్రి" అంది.

అడగడం అంత సులువా! పారిజాతక్కకు ఆ స్లాబంటే ప్రాణం. ఊళ్లో ఎవరింటికి పోయినా "మా స్లాబు మీద" అనే మాట లేకుండా ఆమె వాక్యం పూర్తయ్యేది కాదు. మేమంతా పోయేసరికి చీపురు పట్టుకుని మెట్లకు అడ్డం నిలబడింది. "వానలు పడ్డన్ని దినాలు నా స్లాబు మీద ఒక్క గింజ ఎండవోయొద్దంటరు. మరి నా పెసర్లు, నా పత్తి ఏడ ఆరవోసుకోవాలె? మీ నెత్తుల మీదనా?" అంది. బుచ్చమ్మవ్వ ఏమాత్రం తడుముకోకుండా "నా దొడ్డి తీస్కో. మంద వలస పోతె ఖాళీగనే ఉంటది" అంది. "గొర్ల కంపుల నా పెసర్లా! నీకేమన్న దిమాక్ ఉన్నదా అవ్వా?" ఇట్లా చాలాసేపు సాగింది. చివరికి మా అత్త నోరు విప్పి, మా వాకిలి ఇస్తానంది. మా వాకిలి ఊళ్లోకెల్లా పెద్దది, అలికి అలికి అద్దంలా ఉండేది. కానీ కోళ్లు, మేకలు? వాడకట్టులో ఇంటికి ఒకరు చొప్పున వంతులు వేసుకుని పారిజాతక్క గింజలకు కావలి ఉండాలని తీర్మానమైంది. ఇంకా ఆమె షరతులు విన్నారా: చెప్పులతో ఎవరూ పైకెక్కొద్దు, పైన ఉమ్మొద్దు, ఆమె పెసర్లను ఎవరూ నోట్లో వేసుకోవద్దు. ఆ చివరి షరతు మా ఆయన్ని చూసి పెట్టిందని తర్వాత తెలిసింది.

ఒప్పుకునేదాకే పారిజాతక్క పట్టు. ఒప్పుకున్నాక ఆమెను ఆపేవాళ్లు లేరు. తన పెరట్లోనే సంపుకు జాగా చూపించింది. మగవాళ్లంతా కలిసి గుంత తవ్వారు, మేస్త్రి రాయి కట్టి సిమెంటు పూశాడు. మేం ఆడవాళ్లం వాగుకు పోయి ఇసుక జల్లెడ పట్టి తెచ్చాం. ఇంటింటి నుంచి తుమ్మ బొగ్గులు పోగేశాం. గొట్టం వచ్చి సంపులో కలిసేచోట ఒక తొట్టి, అందులో కింద గులకరాళ్లు, మీద బొగ్గు, ఆ మీద ఇసుక. సంపు మూతకు తాళం వేసి, తాళంచెవి బుచ్చమ్మవ్వ మెడలో నల్లపోగుకు కట్టారు. ఆమె ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లు లేరు, చంటిపిల్లలు లేరు, కాబట్టి ఆశ ఉండదని అందరి లెక్క. కడుపుతో ఉన్న నాకు, పాలు తాగే పిల్లలున్న మరో రెండిళ్లకు రోజుకు పెద్ద బిందె. మిగతావాళ్లకు తాగడానికి, పప్పుకు ఒక సర్వ. ఎవరు ఎంత బతిమాలినా అవ్వ సర్వ అంచు దాటి ఒక్క చుక్క పోసేది కాదు. మా అత్తతో కూడా "నీ కోడలి బిందె నీ కోడలికే. నువ్వు నీ సర్వ తెచ్చుకో" అనేది. ఇదంతా సంపు నిండాక సంగతి. అప్పటికింకా సంపు ఎండి ఉంది, మేం రోజూ మబ్బుల వైపు చూస్తున్నాం.

మబ్బులు పట్టిన రోజునే మా అమ్మ మళ్లీ వచ్చింది, ఏర్పాటు చూసి పోదామని. అందరం గొంగళ్లు, గోనెలు నెత్తిన వేసుకుని సంపు చుట్టూ చేరాం. వాన దంచి కొట్టింది. మొదటి నీళ్లు బయటికి వదిలేయాలని నియమం. మేస్త్రి వదిలాడు. నల్లగా వచ్చాయి, స్లాబు మీది దుమ్ము అనుకున్నాం. కాసేపు ఆగి గొట్టం తొట్టివైపు తిప్పాడు. సంపులో నీళ్లు పడుతున్న చప్పుడు వింటూ పిల్లలు కేకలు పెట్టారు. మా అమ్మ గ్లాసుతో ముంచుకుని, వాసన చూసి, ముఖం అదోలా పెట్టింది. గ్లాసులో నీళ్లు పచ్చగా ఉన్నాయి. "ఇది వాన వాసన కాదు వదినా, ఇది పేడ వాసన" అంది. అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటుంటే మా అత్త ముందుకు వచ్చింది. ఆమె ముఖంలో ఎంత సంతోషం! పొద్దు పొడవకముందే లేచి, ఎవరినీ లేపకుండా, రెండు బొక్కెనల పేడతో స్లాబంతా చిక్కగా అలికి, నాలుగు మూలలా ముగ్గులు వేసి, పసుపు కుంకుమ చల్లి వచ్చిందట. "గంగమ్మ తల్లి దిగే జాగ. అలుకు లేకుండ, ముగ్గు లేకుండ ఎట్ల రమ్మంటరు?" అంది.

 పారిజాతక్క నెత్తి మీద చెయ్యి పెట్టుకుని మెట్ల మీద కూలబడింది. "ఓ యవ్వో! నా స్లాబు అలికినవా! సిమెంటు స్లాబు అలికినవా!" అని ఆమె అంటుంటే ముందు నవ్వింది బుచ్చమ్మవ్వ. ఆమె నవ్వితే వంగిన నడుము ఇంకా వంగి, పడిపోతుందేమోనని ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. "ఆమె తప్పేం లేదు. శుభ్రంగుంచాలె అన్నం. మనింట్ల శుభ్రమంటె అలుకే గద. ఎట్ల శుభ్రమో జెప్పినమా మనం?" అంది. అందరూ నవ్వారు, మా అత్త తప్ప. ఆమెకు అప్పుడే అర్థమవుతోంది. చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది, కళ్లు నా కడుపు వైపు చూస్తున్నాయి.

ఇగ చూడాలి ఆ తోడుడు. సంపు నుంచి వీధి చివరి దాకా ఆడా మగా వరుసగా నిలబడి, బిందెలు చేతి నుంచి చేతికి. పచ్చ నీళ్లన్నీ బీర పాదులకు పోయాయి, ఆ ఏడు మా వాడకట్టులో బీరకాయ వద్దన్నా కాసింది. మేస్త్రి స్లాబు మీది అలుకంతా గీకి కడిగాడు, పారిజాతక్క తానే సంపులోకి దిగి కొబ్బరి పీచుతో గోడలు రుద్దింది. తొట్టిలో బొగ్గు, ఇసుక అంతా పారబోసి మళ్లీ కొత్తది. మా అమ్మ మొదట చేతులు కట్టుకుని అరుగు మీద కూర్చుంది. కాసేపటికి ఆగలేక కొంగు నడుముకు దోపి వరుసలో దూరింది. "కాల్వ కాడ పుట్టినదాన్ని, నాకు నీళ్లు తోడుడు రాదా?" అంటూ అందరికంటే వేగంగా తోడింది. కానీ తోడుతూనే అంది, "శుక్రారం దాక ఉంట. అప్పటిదాక వాన వడి మంచినీళ్లు నిండితె సరే. లేకుంటె సైదా నాతోని వస్తది."

ఆ తర్వాత వాన ముఖం చాటేసింది. మబ్బులు రావడం, నెత్తి మీది నుంచి పోవడం. మా అత్త అన్నం సరిగా తినలేదు. రోజూ పైకెక్కి ఉత్త చీపురుతో స్లాబు ఊడ్చేది, దిగేది, మళ్లీ ఎక్కేది. గురువారం సాయంత్రం నా బట్టలు మడత పెడుతూ నా పక్కన కూర్చుంది. "పో బిడ్డా. మీ అమ్మ మాట నిజమే. నా తెలివితక్కువకు పసిదాని బొక్కలు ఎందుకు వంగాలె? నేను మనుమడినో మనుమరాలినో సూడకున్నా మంచిదే" అంది. అప్పటిదాకా ఆమె మీద నాకు కోపం ఉండింది, ఒప్పుకుంటాను. ఆ మాటతో అంతా పోయింది. "ఏంది ఇగ మీ లొల్లి! ఇంక శుక్రారం కానే కాలేదు" అని కసిరాను. కసిరి, ఆమె మోకాలి మీద తల పెట్టుకుని ఏడ్చాను.

శుక్రవారం పొద్దున సంచులు కట్టడం అయింది. బస్సుకు ఇంకా సమయం ఉంది. పడమట నుంచి గాలి లేచి, పెంకుల మీద ఒక్కటొక్కటిగా చినుకులు. అంతే, పదకొండిళ్ల తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. మేస్త్రి సబ్బు నురగతోనే బయటికి ఉరికొచ్చాడు, సగం గడ్డం గీసుకుని ఉన్నాడు. ఈసారి గొట్టం తిప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మొదటి నీళ్లు వదిలాం, తర్వాతి నీళ్లూ వదిలాం. పోతున్న ప్రతి ధార చూసి నాకు ప్రాణం పోయేది. బుచ్చమ్మవ్వ దోసిలి పట్టి చూసింది, వాసన చూసింది, మళ్లీ పట్టి చూసింది. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. "ఇగ తిప్పు" అంది. ఆ వాన మధ్యాహ్నం దాకా పడింది. బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చి, హారన్ కొట్టుకుంటూనే పోయింది. మా అమ్మ సంపులోంచి ముంచిన గ్లాసును వెలుగులోకి ఎత్తి చూసి, గటగటా తాగి, లోపలికి పోయి నా సంచి ముడి విప్పింది. మా అత్త చేతులు పట్టుకుని "ఏడో నెలల వచ్చి తీసుకపోత, కానుపు చేసి పంపుత" అంది. అవును మరి, మొదటి కానుపు పుట్టింట్లోనే కదా.

చెప్పినట్టే చేసింది. కూతురు పుట్టింది. పిల్లకు మూడో నెల నిండాక, ఎండలు ముదిరే రోజుల్లో తిరిగి వచ్చాను. సంపులో నీళ్లు అడుగుకు దిగుతున్నాయి. మిగతా ఇళ్లకు రోజు విడిచి రోజే సర్వ పోస్తున్నారు, నా బిందె మాత్రం తగ్గలేదు. ఎట్లా సరిపోతోందో నేను ఆలోచించలేదు, సిగ్గుచేటు కానీ నిజం. ఒకనాడు పసుపు కొమ్ము కోసం బుచ్చమ్మవ్వ ఇంటికి పోయాను. ఆమె అన్నం తింటోంది. పళ్లెంలో పప్పు గింజకు గింజ విడిగా, గట్టిగా. పండ్లు లేని నోట్లో ఒక్కో గింజా అటూ ఇటూ తిప్పుకుంటోంది. నాకు కాసేపు అర్థం కాలేదు. మూలన దుమ్ము పట్టి బోర్లించి ఉన్న ఆమె సర్వ చూశాక తెలిసింది. తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతున్న మనిషి, మొదటి రోజు నుంచి తన సర్వ ఒక్కసారి కూడా నింపుకోలేదు.

"ఇదేంది అవ్వా!" అని అరిచాను. ఆమె ఏమీ పట్టనట్టు "ఎందుకు మొత్తుకుంటున్నవ్? నా బొక్కలు వంగేదేదో వంగినయ్. ఇప్పుడు మంచినీళ్లు తాగి లేచి ఉరుకుతనా? నా వంతు సంపులనే ఉన్నది. నీ బిడ్డకు ఇంక వానలొచ్చేదాక కావాలె గద" అంది. మంచి కోడలినైతే కాళ్లకు మొక్కి ఊరుకునేదాన్ని. నేను హుజూర్‌నగర్‌దాన్ని. వీధిలోకి వచ్చి పదకొండిళ్లకూ వినపడేటట్టు లొల్లి పెట్టాను. వాడకట్టంతా ఆమె వాకిట్లో దిగింది. మా అత్త ఒక చెంబు, పారిజాతక్క ఒక చెంబు, ఇంటింటి నుంచి ఒక చెంబు. తాగకపోతే తాళంచెవి గుంజుకుంటామని బెదిరించాం. అవ్వ అందరినీ తిట్టుకుంటూ చెంబెత్తి తాగింది, ఆగింది, నాలుకతో పెదవులు తడుముకుంది. "ఛీ! సప్పగున్నయ్! ఉప్పు లేదు, రుచి లేదు. ఈ సప్పటి నీళ్ల కోసమేనా నేను ఏడాది నుంచి మీ అందరితోని కొట్లాడింది?" అంది. డెబ్బై ఏళ్లు ఆ ఊరి నీళ్లు తాగిన నాలుక అది. నవ్వి నవ్వి నా చంటిది ఉలిక్కిపడి ఏడ్చింది. అప్పటి నుంచి రోజూ ఆమె చేత తాగించే పని మా అత్త తీసుకుంది. ఆ సప్పటి నీళ్లతోనే ఇంకో రెండు మూడు వానాకాలాలు మా పిల్ల పెరిగింది.

తర్వాత ఇంటింటికీ నల్లా వచ్చింది, కృష్ణ నీళ్లే. మా ఊరి కాలువే నన్ను వెతుక్కుంటూ వచ్చిందని మురిసిపోయాను. నల్లా రావడం మంచిదే. నలుగురం కలిసి నీళ్లు తోడుకున్న ముచ్చట కోసం ఎవరూ బొక్కలు వంచుకోనక్కరలేదు, ఆ కష్టాన్ని తీపి చేసి చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. కానీ ఒక మాట మాత్రం చెప్పాలి. మా ఆయన కంపెనీ పనికని వచ్చిన ఈ షాద్‌నగర్‌లో మా అంతస్తులో నాలుగు కుటుంబాలం, నాలుగు గుమ్మాల ముందు నాలుగు క్యాన్లు. మా వారి డ్యూటీ, వాళ్ల డ్యూటీ, పొద్దున కంపెనీ బస్సులు. పక్కింటివాళ్ల పప్పు ఉడికిందో లేదో నాకు తెలియదు. ఒకసారి మా క్యాన్ అయిపోతే పక్క తలుపు కొట్టడానికి మొహమాటపడి, పిల్లకు బయటినుంచి సీసా కొనుక్కొచ్చాను. ఒకప్పుడు పేడనీళ్లు చేతి నుంచి చేతికి అందించుకున్నదాన్ని!

ఆదివారం నాడు పిల్లను తీసుకుని పోయాం. పారిజాతక్క స్లాబు మీద ఇసుక, ఇటుకలు, ఇనుప చువ్వలు. ఆమె మమ్మల్ని చెప్పులతోనే పైకి తీసుకుపోయింది, నేనే విప్పుకున్నాను. మా అత్త మనవరాలి కోసం సకినాలు పట్టుకుని వెంట వెంట తిరిగింది. బుచ్చమ్మవ్వకు ఇప్పుడు రెండు కళ్లలోనూ శుక్లాలు, మనిషి అలికిడిని బట్టి గుర్తుపడుతుంది. మేం వచ్చామనగానే మంచం మీద లేచి కూర్చుని "పిల్లను ఇటు పంపు" అంది. మా పిల్లకు పండ్లు వచ్చినప్పటి నుంచి, మేం ఎప్పుడు పోయినా అవ్వ "ఇంక పాలపండ్లేనా?" అని అడిగేది. ఎందుకు అడుగుతుందో నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. ఈసారి, ముందు పండ్లన్నీ ఊడి కొత్తవి వచ్చాయని చెప్పాను. అవ్వ పిల్ల గడ్డం పట్టుకుని, గొర్రెను కొనేటప్పుడు చూస్తారే, అట్లా బొటనవేలితో పెదవి పైకెత్తి, ఒక్కో పన్ను మీదా వేలు నెమ్మదిగా రాసి చూసింది. పిల్లకు చక్కిలిగింత. అవ్వ కళ్లు ఎటో చూస్తున్నాయి. "నున్నగనే ఉన్నయ్. నాకు కనవడ్త లేదు సైదా, నువ్వు జెప్పు. తెల్లగున్నయా?" అని అడిగింది.

నేను పిల్ల మొహం వెలుగు వైపు తిప్పి చూశాను. "పాల లెక్క ఉన్నయవ్వా. ఒక్క మచ్చ లేదు" అన్నాను.

"అయితె మన నీళ్లు ముట్టినయ్ బిడ్డా" అంది బుచ్చమ్మవ్వ. అని, పిల్లను ఇంకోసారి నోరు తెరవమంది.